ఓర్వలేని వీరభద్ర సార్

వీరభద్ర సార్‌కు ఉన్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు ఓర్వలేకపోవడం. బీడీ ముట్టడు, పేకాట తెలియదు, ఎవరి మీదా చెయ్యెత్తడు. డోన్‌లో మా ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఆయన వ్యాయామ అధ్యాపకుడు. పిల్లల చేత రకరకాల కసరత్తులు చేయిస్తాడు గానీ, తాను రోజూ చేసేది ఒకటే. ఎదుటివాడికి ఉన్నది చూడడం, కడుపు కాల్చుకోవడం. అది మేడే కానక్కర లేదు. మేక అయినా చాలు. పంటినొప్పి అయినా చాలు.

పంటినొప్పి నేను కల్పించింది కాదు. మా ప్రిన్సిపాల్ గారు ఒకసారి బుగ్గ వాచి స్టాఫ్ రూములో కూర్చుంటే అందరం పోయి పరామర్శించాం. వీరభద్ర సార్ మాత్రం ఆ బుగ్గ వంకే చాలాసేపు చూసి, నా పక్కకు వంగాడు.

"సూడండి మేడం. ఆయప్పకు పన్ను నొస్తే ఇంతమంది. పోయినేడు నాకు మోకాలు వాస్తే ఒక్కరన్నా అడిగినారా?"

"మీ మోకాలు ప్యాంటు లోపల ఉంది కదా సార్. ఎవరికీ కనపడలేదు."

"అదే గదా నేను జెప్పేది. ఆయప్పకు కనపడే తావులో వచ్చింది. రోగానికి గూడ అదృష్టం ఉండల్ల."

ఎవరి వస్తువు చూసినా ఆయన చెయ్యి దానంతట అదే జానగా తెరుచుకునేది. బొటనవేలు ఈ అంచున, చిటికెనవేలు ఆ అంచున. కొత్త స్కూటరు సీటు, కొత్తగా కట్టిన అరుగు, పెళ్ళిలో పక్క విస్తరిలోని ఓళిగ, అన్నీ కొలిచేవాడు. కొలిచిన ప్రతిసారీ తీర్పు ఒకటే: "వానిది పెద్దది." ఆయన భార్య జీవమ్మ గారు నాతో చెప్పుకుని నవ్వేది. "మా ఇంట్లో అన్ని దోసెలూ ఒకే గంటెతో కొలిచి పోస్తా మేడం. ల్యాకుంటే పిల్లోల్ల దోసె మీద గూడ జాన పెడ్తాడు." సర్వీసులో ఒక్కరోజు కూడా ఆయన సెలవు పెట్టలేదు. నిష్ఠ వల్ల కాదు. తాను లేనప్పుడు తన కుర్చీలో ఎవరైనా సుఖంగా కూర్చుంటారేమోనని.

నేను అదే కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. ఆడపిల్లల జట్టు ఊరు దాటాలంటే వెంట ఒక ఆడ లెక్చరర్ ఉండాలి. కాలేజీ మొత్తానికి ఆడ లెక్చరర్‌ను నేనొక్కదాన్నే. ఆ ఖాళీలెందుకు నింపరని యూనియన్ తరఫున నేను అడుగుతూనే ఉన్నాను, ప్రభుత్వం వింటూనే ఉంది. ఈ లోపల, బంతి కనపడితే పక్కకు తప్పుకునే నేను బేస్‌బాల్ జట్టుకు పెద్దదిక్కునయ్యాను.

ఆ జట్టు పుట్టిందే ఓర్వలేనితనం నుంచి. కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో హెన్రీ అనే ఆయన వ్యాయామ అధ్యాపకుడు. ఇద్దరూ ఒకేచోట శిక్షణ పొందారు. హెన్రీ నెమ్మదస్తుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆ నెమ్మది మీద కూడా వీరభద్ర సార్‌కు కుళ్ళే. ఒకసారి ఏదో మీటింగుకు కడప పోయి, అక్కడ హెన్రీ ఆడపిల్లల చేత బేస్‌బాల్ ఆడిస్తుంటే చూశాడు. తిరిగొచ్చిన మర్నాడే మా నోటీసు బోర్డులో కాగితం అంటించాడు: ఆడపిల్లల బేస్‌బాల్ జట్టు, ఆసక్తి గలవారు రావచ్చును.

"ఆ ఆట ఎట్లుంటుంది సార్?" అని అడిగాను.

"క్రికెట్టు, బేస్‌బాలు అన్నదమ్ముల పిల్లోల్లు మేడం. ఆస్తంతా క్రికెట్టు రాయించుకున్న్యాడు. వీనికి గెట్టు కాడ ఇంత కంప ఇడిసినాడు."

అది ఉపమానం కాదు. మా గ్రౌండు మొత్తం మగపిల్లల క్రికెట్ జట్టుది. ఆడపిల్లలకు మిగిలింది ప్రహరీ పక్కన కంపచెట్ల మూల. ఆ మూలను పిల్లలు, ఆయన కలిసి కొడవళ్ళతో నరికి చదును చేశారు. ఆటగాళ్ళు ఒకదాని నుంచి ఇంకోదానికి పరుగెత్తే బేసుల కోసం గోనెసంచుల్లో శనక్కాయ పొట్టు కుట్టి పరిచారు. మొదటి వారమే ఒక ఎనుము వచ్చి రెండో బేసును సగం తినేసింది. వీరభద్ర సార్ ఎనుమును ఏమీ అనలేదు. "హెన్రీ బేసుల్ని ఏ ఎనుమన్నా తింటాదా? తినదు. అయి ప్లాస్టిక్‌వి. మనవి రుచిగా ఉండాయి" అన్నాడు. అంత సంతోషంగా ఆయన్ను అంతకుముందు చూడలేదు.

ఇక హోం ప్లేటు. బ్యాటు పట్టుకున్న అమ్మాయి దాని పక్కన నిలబడుతుంది, చుట్టూ పరుగెత్తి మళ్ళీ దాని మీదే కాలు పెడితే పరుగు. ఐదు మూలల పలక. హెన్రీ దగ్గర తెల్ల రబ్బరుది ఉంది. మా సార్‌కు నిద్ర పట్టలేదు. అట్ట మీద ఆకారం గీసుకుని బేతంచెర్ల పోయి, బండల ఫ్యాక్టరీలో ఇచ్చాడు. నేనూ అదే బస్సులో ఉండడం వల్ల వెంట పోయాను.

"ఇది ఏ దేవునికి సార్ పీట?" అన్నాడు ఫ్యాక్టరీ ఆయన.

"దేవునికి గాదప్పా. ఆడపిల్లోల్లు కాలు పెట్టేదానికి."

"లచ్చుమమ్మకా. అట్లయితే అద్దం మాదిరి చేసిస్తాం పో."

తెల్ల బండను అద్దం మాదిరే చేసిచ్చారు. బేతంచెర్లలో బండ కోశాక పాలిష్ పట్టకుండా పంపితే వాళ్ళకు పరువు తక్కువ. వీరభద్ర సార్‌కూ అది తోచలేదు. నున్నటి పక్క పైకి పెట్టి పూడ్చి, దాంట్లో తన ముఖం చూసుకుని మీసం సవరించుకున్నాడు. "రబ్బరులో హెన్రీ మొఖం కనపడ్తాదా?" అని అడిగాడు. ఆ సాయంత్రం జట్టు కెప్టెన్ శిల్ప మూడో బేసు నుంచి గాలిలా పరుగెత్తి వచ్చి దాని మీద కాలు పెట్టింది. ఆ పెట్టడం పెట్టడం జుర్రున జారి, కూర్చున్న భంగిమలోనే పోయి క్రికెట్ వాళ్ళ వికెట్లను పడగొట్టింది. క్రికెట్ కెప్టెన్ భూపేష్ అలవాటు కొద్దీ "అవుట్" అని అరిచాడు.

శిల్పకు ఏమీ కాలేదని తెలిశాక, సార్ తాను తెచ్చిన బండను తానే తవ్వి, నునుపు పక్క కిందికి, గరుకు పక్క పైకి తిప్పి పెట్టాడు. చేతులు దులుపుకుంటూ అన్నాడు: "హెన్రీ రబ్బరు మీద ఇంత దూరం జారమను, సూస్తాం."

జట్టులో బంతి విసిరే అమ్మాయి మహాదేవి. కోసిగి పక్క ఒక పల్లె. హాస్టల్లో ఉండి చదువుతోంది. చిన్నప్పటి నుంచి జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలిన పిల్ల. ఒకరోజు హాస్టల్ గోడ మీద కోతి ఎవరిదో అన్నం తట్ట ఎత్తుకుని కూర్చుంటే, ఈ పిల్ల గులకరాయి విసిరింది. కోతికి తగల్లేదు. తట్ట మాత్రం ఠంగుమని కింద పడింది. ఆ దారిన పోతున్న వీరభద్ర సార్ కోతిని చూశాడు, తట్టను చూశాడు, పిల్ల చేతిని చూశాడు.

"నీ చెయ్యి సూస్తే నాకు కడుపు కాల్తాండాది పాపా" అన్నాడు. "రేప్పొద్దున గ్రౌండుకు రా."

ఆయన నోట మెప్పు అంటే అదే. బాగుంది, శభాష్ లాంటి మాటలు ఆయనకు రావు. ఎవరైనా మంచి దెబ్బ కొడితే కడుపు కాలుతుంది, మంచి క్యాచ్ పడితే పేగులు మండుతాయి. పిల్లలకు అది పతకంతో సమానం. సాయంత్రం హాస్టల్‌కు పోతూ లెక్కలు చెప్పుకునేవాళ్ళు.

"నన్ను సూసి సార్‌కు రెండుసార్లు కాలింది."

"నన్ను సూసి మజ్జిగ దాగినాడు మే. నీకన్నా నాదే పెద్దది."

సంక్రాంతి సెలవులు అయ్యాక జట్టు తయారీ జోరందుకుంది. ఫిబ్రవరిలో కడపలో, హెన్రీ గారి కాలేజీ గ్రౌండులోనే అంతర కళాశాలల పోటీలు. జట్టుకు తొమ్మిది మంది కావాలి. మా దగ్గర ఉన్నది తొమ్మిది మందే. ఒకరికి జలుబు చేసినా పోటీకి పోలేం. ఏర్పాట్లు చూడటానికి కడప పోయిన సార్ అక్కడ బంతులు విసిరే మిషన్ చూసొచ్చాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు తేరుకున్నాడు.

"ఎన్ని జానలుంది సార్ మిషన్?" అని అడిగాను.

"ఏడు. అయితే ఏమి? దానికి కరెంటు గావల్ల. మన మహాదేవికి రెండు జొన్నరొట్టెలు చాలు."

ఆ మాట అన్న సాయంత్రమే మహాదేవి బంతిని చున్నీతో తుడుస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "సార్, నేను సుగ్గికి పోవల్ల."

సుగ్గి అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. వానలు ఎత్తిపోయిన మా పడమటి పల్లెల జనం ఇళ్ళకు తాళాలు వేసి, మూటలు కట్టుకుని, గుంటూరు వైపు మిరపకాయలు తెంపే పనికి పోవడం. దాన్ని ప్రభుత్వ కాగితాల్లో తాత్కాలిక వలస అంటారు. తాతల కాలం నుంచి ప్రతి ఏడూ జరుగుతున్నదాన్ని తాత్కాలికం అనడం ఆ కాగితాలకే చెల్లింది. కృష్ణ నీళ్ళు మా జిల్లా అంచు రాసుకుంటూ కిందికి పోతాయి. ఆ నీళ్ళ వెనకాలే మా జనమూ పోతారు.

మహాదేవి వాళ్ళ నాయన బండల క్వారీలో నడుము విరగ్గొట్టుకుని ఇంటి దగ్గరే ఉన్నాడు. తల్లి సిద్దమ్మ ఒంటరిది. తోటలో సాలుకు ఇద్దరు, ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు. జోడు లేని మనిషిని మేస్త్రీ పనికి పెట్టుకోడు. గురువారం మధ్యాహ్నం గుంటూరు రైలు డోన్ మీదుగా పోతుంది, స్టేషన్లో ఎక్కమని తల్లి ఫోన్ చేసింది.

వీరభద్ర సార్ మండిపడ్డాడు. మహాదేవి మీద కాదు, సిద్దమ్మ మీద కాదు. ముక్కూ ముఖం తెలియని గుంటూరు రైతు మీద.

"వానికి నీళ్ళుండాయి. నల్లరేగడి ఉండాది. ఇప్పుడు మా పాప చెయ్యి గూడ వానికే కావల్నా? ఇంత మంచి చెయ్యి పోయి మిరపకాయలు తెంపుతాదంటే, ఆ మిరపచెట్లను సూసి నాకు కడుపు కాల్తాండాది మేడం."

మనిషిని, మేకను, రోగాన్ని చూసి ఓర్వలేని వాణ్ణి చూశాను. చెట్టును చూసి ఓర్వలేని వాణ్ణి చూడడం అదే మొదలు. అయితే ఈసారి నాకు నవ్వు రాలేదు. ఎండిన నేల కాలువ నేలను చూసి కుళ్ళుకుంటే అది పాపమని నేను అనలేను.

గురువారం ఆయన, నేను, మూటతో మహాదేవి స్టేషన్లో నిలబడ్డాం. సార్ గ్రౌండు నుంచి నేరుగా వచ్చాడు. ట్రాక్ సూటు, మెడలో విజిల్. రైలు ఆగింది. పెట్టె నిండా మూటలు, కోళ్ళు, పసిపిల్లలు. కిటికీ దగ్గర సిద్దమ్మ.

"అక్కా, పాపను ఇడిసిపెట్టు" అన్నాడు సార్, పలకరింపు కూడా లేకుండా.

"నేను కట్టేసుకున్న్యానా సారూ? జోడు యాడుంది నాకు?"

"వేరే ఎవురూ లేరా?"

"శివరాత్రి అయినంక మా ఆడబిడ్డ వస్తాది. అంతవరకు ఎవురుండారు? ఊర్లో ముసిలోల్లు, కుక్కలు మిగిలినారు."

"దుడ్లు గావల్లంటే నేను..."

"ఇచ్చిన దుడ్లు తినేదానికి మాకు చేతుల్లేవా సారూ?" అని కిటికీలోంచే గట్టిగా అంది. "నాకు కావల్సింది దుడ్లు గాదు. సాలుకు ఆ పక్క మనిషి."

కిటికీ కడ్డీ మీద సార్ చెయ్యి జానగా తెరుచుకుంది, ముడుచుకుంది. రైలు కూత వేసింది. మహాదేవి మూట ఎత్తుకుని మెట్టు మీద కాలు పెట్టబోయింది. సార్ ఆ మూట లాక్కుని నా చేతుల్లో పెట్టి, తానే పెట్టె ఎక్కాడు.

"సార్, ఎక్కడికి?" అన్నాను.

"ఆ తోటలు ఎట్లుంటాయో సూడల్ల మేడం. అంత గొప్పా అవి? ప్రిన్సిపాల్‌కు నా సెలవు జెప్పండి. నా కుర్చీలో ఎవుర్నీ కూచోనియ్యొద్దు."

"సార్, బట్టలు?"

"జీవమ్మను పంపీయమనండి."

రైలు కదిలింది. లోపల సిద్దమ్మ నోరు తెరుచుకుని కూర్చుంది. మా కాలేజీ వ్యాయామ అధ్యాపకుడు ఒళ్ళో ఎవరిదో కోడిపుంజును పెట్టుకుని గుంటూరు పోయాడు.

ఇంటికి చేరకముందే నాకు కడప నుంచి ఫోన్. "అమ్మా, నేను హెన్రీని. వీరభద్ర రైల్లో నుంచి ఫోన్ చేసినాడు. ఇన్నేండ్లలో వాడు నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు. నీ మిషన్ను సూస్తే కడుపు కాల్తాండాది, పోటీలకు ముందు నాలుగు దినాలు నా పిల్లోల్లను దాని ముందర నిలబెట్టు అన్న్యాడు. తిడుతున్నాడో అడుగుతున్నాడో తెలియక సరే అన్నానమ్మా."

అలా మా పిల్లలు నాలుగు రోజులు ముందే కడప చేరారు. సార్ ఆజ్ఞ ప్రకారం బస్సు సీటు కింద బండ కూడా వచ్చింది. హెన్రీ గారు మా పిల్లలకు తన మిషన్ ఇచ్చాడు, తన నీడపందిరి ఇచ్చాడు, తన పిల్లల కంటే ముందు మా పిల్లలకు అన్నం పెట్టించాడు. ఈ సంగతులన్నీ పొద్దున్నే ఫోన్లో చెప్పాల్సి వచ్చేది. తోటలో సాలు మొదలయ్యేలోపల సార్ వినేవాడు.

"అన్నంలోకి ఏమి పెట్టినాడు?"

"కోడికూర సార్."

"నాకు ఎప్పుడన్నా పెట్టినాడా వాడు? పిల్లోల్లు కడుపు నిండా తిన్న్యారా?"

"తిన్నారు. మీ పని ఎలా ఉంది?"

"అదడగొద్దు మేడం. ఈ సిద్దమ్మక్క బస్తా నింపేసరికి నాది సగం గూడ కాల్యా. ఆయమ్మ వేళ్ళు సూస్తే పేగులు మండుతాండాయి."

సిద్దమ్మ ఫోన్ లాక్కుని, "సారు మేలే మేడం. తొడిమ ఊడకుండా తెంపుతాడు. ఈ చేతులు ఎప్పుడో సుగ్గికి పోయినవే" అంది.

నేను ఆయన్ను అడిగాను. "ఏడో తరగతిలో" అన్నాడు. "ఇస్కూలు ఆటల పోటీలప్పుడు నేను పత్తిచేన్లో ఉంటి. కప్పు ఎవుడో తీసుకున్న్యాడు. అదంతా ఇప్పుడేమిటికి మేడం, సిద్దమ్మక్క మళ్ళ దాటిపోతాండాది." పెట్టేశాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఈయన జాన ఇన్నేళ్ళూ ఏ కప్పును కొలవబోయి మిగతావన్నీ కొలుస్తూ తిరిగిందో.

చివరి ఆట మా పిల్లలకూ హెన్రీ గారి పిల్లలకూ పడింది. నాకు ఆట ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మేము ఒక్క పరుగు ముందున్నాం, వాళ్ళ ఆఖరి అమ్మాయి బ్యాటు పట్టుకుంది, మూడు బంతులు తప్పితే ఆమె అవుట్. ఇంతే తెలుసు. రెండు తప్పింది. మూడో బంతికి మహాదేవి చేతిలో నాకు బంతి కనపడలేదు. జొన్నచేను, మంచె, పిట్ట కనపడ్డాయి. బంతి శిల్ప గ్లవ్‌లో పడిన చప్పుడు మాత్రం గ్రౌండంతా వినపడింది. నేను, అర్థశాస్త్రం లెక్చరర్‌ను, చెప్పులు వదిలేసి గ్రౌండులోకి పరుగెత్తాను.

వెంటనే ఫోన్ చేశాను. "సార్, గెలిచాం."

"మీరందరూ సూసినారా?" అన్నాడు.

"చూశాం సార్."

"హెన్రీ గూడ సూసినాడా?"

"చూశాడు. ఆయనే ముందు చప్పట్లు కొట్టాడు."

"నేను ఒక్కన్నే సూడ్ల్యాకపాయె గదా మేడం. మీ అందర్నీ తల్సుకుంటే నాకు..." మాట ఆగిపోయింది. ఆ వెనకాలే పెద్ద కేక, పరుగులు, నీళ్ళ చప్పుడు. ఫోన్ సిద్దమ్మ చేతికి వచ్చింది.

"ఏమీల్యా మేడం. సంతోషంలో కండ్లు తుడుసుకున్న్యాడు. మిరపకాయలు తెంపిన చేత్తో."

ఆ చివర ఆయన, ఈ చివర మేము. ఫోన్ స్పీకర్లో పెడితే పిల్లలంతా నేల మీద పడి నవ్వారు. మహాదేవి మాత్రం కప్పును ఒళ్ళో పెట్టుకుని, జాన తెరిచి కొలుస్తూ, "సార్‌కు చెప్పండి మేడం, రెండు జానలు" అంది. నిజానికి ఒకటిన్నరే. కొలిచింది ఆ పిల్ల గనుక నేనేమీ అనలేదు.

కాసేపటికి సార్ తేరుకుని ఫోన్ తీసుకున్నాడు. అప్పుడు ఆయనకు అసలు కబురు చెప్పాను. "సార్, హెన్రీ గారు ఒకటి అడుగుతున్నారు. ఆయన రబ్బరు ప్లేటు కడప ఎండకు వంకర్లు తిరిగిందట. మన బండ చూసినప్పటి నుంచి దాని మీదే ఉంది మనసు. అలాంటిది ఒకటి చేయించి పంపుతారా అని."

"కడపలో బండలకు కరువొచ్చిందా?"

"వాళ్ళది నల్ల బండట. ప్లేటు తెల్లగా ఉండాలంట. మీ దగ్గర ఉందని ఓర్వలేకపోతున్నాడు సార్."

ఇంతకాలం ఆయన ఎదురు చూసిన మాట అదే. గుంటూరు మిరపతోటలో ఒక మనిషి నిటారుగా నిలబడ్డం నాకు ఫోన్లోనే తెలిసింది.

"ఇయ్యను" అన్నాడు. "వానికేమిటికి? కడుపు కాలనీ. ఒక్క దినమన్నా కాలనీ."

"సరే సార్, చెబుతాను."

నేను పెట్టేయబోతుంటే మళ్ళీ ఆయన గొంతు.

"మేడం, మేడం. బేతంచెర్ల ఆయప్పకు నా పేరు జెప్పండి, చేసిస్తాడు. పాలిష్ పడ్తాడు, ఎంత జెప్పినా ఇనడు. అందుకని హెన్రీకి గట్టిగా జెప్పండి, నునుపు పక్క కిందికి ఏసుకోమని. ల్యాకుంటే వాని పిల్లోల్లు జారి పడ్తారు."